మహమ్మారి కాలంలో కాలేజీ ఫుట్‌బాల్‌ను మనసు చంపుకోకుండా చూడటం ఎలా?

అమెరికాలో చదువుకుని తిరిగి వచ్చినవారు, పిల్లలను అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపినవారు గుంటూరు, విజయవాడల్లో వీధికి కొందరైనా ఉంటారు. వారిలో అక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌ను ఇష్టంగా చూసేవారికి 2020వ సంవత్సరం పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఆట కావాలనిపించేది, ఆ పరిస్థితిలో ఆడించడం తప్పనీ అనిపించేది. టీవీ పెడితే తప్పు చేస్తున్నట్టు ఉండేది, కట్టేస్తే ఇంట్లో ఏదో వెలితిగా ఉండేది. నేను కొలంబస్ నగరంలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు చదివి, గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి తిరిగి వచ్చినవాణ్ణి. ఆ సీజన్ మొత్తాన్ని ఇక్కడి నుంచే చూశాను. చూస్తూ, తప్పులు చేస్తూ కొన్ని పద్ధతులు నేర్చుకున్నాను. మళ్ళీ అటువంటి కాలం వచ్చినప్పుడు చూడబోయేవారికీ, ఆనాటి ఆటలను ఇప్పుడు వెతికి చూసేవారికీ పనికొస్తాయని వాటిని ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. మనసులో ఉన్న రెండు భావాల్లో ఒకదాన్ని గెలిపించి రెండోదాని నోరు మూయించాలని ప్రయత్నించకండి. ‘ఆటే కదా, ఇంత ఆలోచన ఎందుకు’ అని సర్దిచెప్పుకున్నవారు ఆ కుర్రాళ్ళకు ఏమవుతుందో పట్టించుకోవడం మానేశారు. ‘చూడటమే పాపం’ అనుకున్నవారు కోపంతో రెండు వారాలు గడిపి, మూడో వారం ఎవరికీ చెప్పకుండా చూశారు. ఇష్టాన్నీ ఆక్షేపణనూ రెంటినీ పక్కపక్కనే కూర్చోబెట్టుకుని చూడటం కష్టమే గాని, నిజాయతీగా చూడటం అదొక్కటే.

ఇంట్లోవారికి ముందే వివరించండి

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, విసురుతూ, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు సాగవలసిన ఆట. నియమాలు చెప్పడానికి పావుగంట చాలు. అసలు వివరించవలసింది దాని స్థాయి. మా నాన్నగారు మొదటిసారి చూసినప్పుడు, ‘కాలేజీ పిల్లల ఆటకు లక్షమంది జనమేమిట్రా?’ అని ఆశ్చర్యపోయారు. మన నాగార్జున విశ్వవిద్యాలయంలో జరిగే అంతర కళాశాలల పోటీలకు లక్షమంది టికెట్లు కొనుక్కుని వస్తే, ఆ పోటీని దేశమంతా టీవీలో చూస్తే ఎలా ఉంటుందో ఊహించమని చెప్పాను. గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఒహాయో స్టేడియంలో లక్షకు పైగా సీట్లున్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో అంతకంటే ఎక్కువ, 1,07,601 సీట్లున్నాయి.

డబ్బు సంగతి కూడా అప్పుడే చెప్పాలి. జాతీయ విజేతను తేల్చే చివరి దశ ఆటల ప్రసార హక్కుల కోసం ఈఎస్‌పీఎన్ అనే క్రీడా చానెల్ సగటున ఏడాదికి సుమారు 47 కోట్ల డాలర్లు చెల్లించేది. ఆడే కుర్రాళ్ళకు మాత్రం ఆనాడు చదువు, వసతి, భోజనం వంటివి స్కాలర్‌షిప్ రూపంలో దక్కేవి తప్ప జీతమంటూ ఉండేది కాదు. తమ పేరు మీద ఒక ప్రకటనలో కనిపించి సంపాదించుకునే హక్కు కూడా వారికి 2021 జూలై 1 దాకా రాలేదు. ఈ ఒక్క విషయం తెలిస్తే, మహమ్మారి ఏడాదిలో ఆడించడం గురించి అభిమానులు ఎందుకు నలిగిపోయారో మీ ఇంట్లోవారికి వేరే చెప్పనక్కరలేదు. జీతం తీసుకునే వృత్తి క్రీడాకారుడు ప్రమాదం తెలిసి ఒప్పుకోవడం వేరు, ఇరవై ఏళ్ళ విద్యార్థిని మైదానంలోకి పంపి ఆ ఆటను టీవీకి అమ్మడం వేరు.

నిర్ణయాలు ఎలా మారాయో వరుసగా తెలుసుకోండి

ఆటను చూసే ముందు ఆ ఆట జరగడానికి దారితీసిన నిర్ణయాలను తేదీలతో సహా తెలుసుకోవడం అవసరం. ఐవీ లీగ్ అనే కూటమిలోని విశ్వవిద్యాలయాలు 2020 జూలై 8నే శరదృతువు ఆటలను విరమించుకున్నాయి. ఒహాయో స్టేట్ ఉన్న బిగ్ టెన్ కూటమి, పశ్చిమ తీరపు పాక్-12 కూటమి ఆగస్టు 11న వాయిదా ప్రకటించాయి. దక్షిణాది విశ్వవిద్యాలయాల కూటమి ఎస్ఈసీ మాత్రం ఆగలేదు. తమలో తాము పదేసి ఆటలు ఆడేలా కుదించుకుని సెప్టెంబరు 26న మొదలుపెట్టింది. సెప్టెంబరు 16న బిగ్ టెన్ తన మాట మార్చుకుంది. వారం తిరగగానే పాక్-12 కూడా అదే దారి పట్టింది.

మాట మార్చుకున్నది టీవీ డబ్బు కోసమేనని అప్పట్లో నేను కూడా గట్టిగా వాదించాను. అది సగమే నిజమని తరువాత ఒప్పుకోవలసి వచ్చింది. మధ్యలో ఆ నెలరోజుల్లో రోజువారీ యాంటిజెన్ పరీక్షలు అందుబాటులోకి వచ్చాయి. పాజిటివ్ వచ్చిన ఆటగాడు 21 రోజులు పోటీకి దూరంగా ఉండాలనీ, గుండె కండరంలో వాపు లేదని ఎంఆర్ఐతో సహా పరీక్షలు చేసి తేల్చాకే తిరిగి రావాలనీ బిగ్ టెన్ నియమం పెట్టింది. జట్టులో పాజిటివ్‌ల శాతం ఐదు దాటితే కనీసం వారం రోజులు అన్నీ ఆపాలన్నారు. ఇవి కంటితుడుపు నియమాలు కావు. వీటివల్లే నా జట్టు ఆటలు రద్దయ్యాయి కూడా. అయితే అదే విశ్వవిద్యాలయంలో ఆడని విద్యార్థులు ఇళ్ళ నుంచి తెరల మీద పాఠాలు వింటూ ఉండగా, ఆడేవారికి ప్రతిరోజూ పరీక్ష చేయడానికి వనరులు దొరకడం ఎలాగన్న ప్రశ్న అప్పుడూ బాధపెట్టింది, ఇప్పుడూ బాధపెడుతుంది.

ఆటగాళ్ళు ఏమన్నారో వారి నోటి నుంచే వినండి. ఆడతామని క్లెమ్సన్ విశ్వవిద్యాలయపు క్వార్టర్‌బ్యాక్ (జట్టును నడిపిస్తూ బంతిని విసిరే ఆటగాడు) ట్రెవర్ లారెన్స్ వంటివారు ఆగస్టులో బహిరంగంగా అడిగారు. వాయిదా నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలని మా జట్టు క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ పెట్టిన అర్జీ మీద మూడు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. మరోపక్క పాక్-12 ఆటగాళ్ళు కొందరు, తమ ఆరోగ్యానికి హామీ లేనిదే ఆడబోమని అదే నెలలో ప్రకటించారు. ఆ ఏడాది ఆడకూడదని నిర్ణయించుకున్నవారి స్కాలర్‌షిప్‌ను విశ్వవిద్యాలయాలు తీసివేయకూడదన్న నియమం కూడా వచ్చింది. వారి తరఫున మనం జాలిపడేటప్పుడు, వారికి వారిదైన గొంతు ఉందని గుర్తుపెట్టుకోవాలి.

మా బాబాయి ఆ ఆగస్టులోనే కొవిడ్‌తో పోయాడు. బిగ్ టెన్ వాయిదా ప్రకటించిన రోజున ఆయన ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆస్పత్రి బయట చెట్టు కింద నిలబడి ఫోనులో ఆ వార్త చదివి, మంచి పని చేశారనుకున్నాను. ఆయన మొదటి మాసికం పెట్టిన వారంలోనే సీజన్ మళ్ళీ మొదలవుతుందన్న వార్త వచ్చింది. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. తరువాత పిన్నికి చెప్పినప్పుడు ఆమె నన్ను తప్పుపట్టలేదు. ‘ఆ పిల్లలకీ అమ్మానాన్నలుంటారు కదరా, వాళ్ళెట్లా పంపుతున్నార్రా?’ అని మాత్రం అడిగింది. ఆడించమని కోరుతూ కొందరు తల్లిదండ్రులే బిగ్ టెన్ కార్యాలయం ముందు నిలబడ్డారని చెప్పాను. పిన్ని చాలాసేపు ఆలోచించి, ‘ఒక్కొక్క ఇంటి భయం ఒక్కొక్కలాగ ఉంటుంది నాన్నా’ అంది. అందువల్ల ఈ సలహా రాస్తున్నాను: ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవారు ఉంటే, వారికి చాటుగా చూడకండి. ముందుగా చెప్పి, వారు వద్దంటే ఆ వారానికి మానుకుని, సరేనంటే చూడండి.

సమయం లెక్క వేసుకోండి

అమెరికా తూర్పు ప్రాంతపు సమయానికి వేసవి గడియారం నడిచేటప్పుడు తొమ్మిదిన్నర గంటలు, నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక పదిన్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. అక్కడ శనివారం మధ్యాహ్నం 12 గంటల ఆట మనకు అక్టోబరులో రాత్రి 9.30కి, నవంబరులో 10.30కి మొదలవుతుంది. సాయంత్రం 3.30 ఆట అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకో రెండింటికో వస్తుంది. ఉద్యోగం, ఇంటి బాధ్యతలు ఉన్నవారు దానిని నేరుగా చూడాలనుకోవడం మంచిది కాదు. రాత్రి 7.30 ఆట ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకో 6 గంటలకో వస్తుంది. పాలప్యాకెట్లు వచ్చే వేళకు మొదలై, టిఫిన్ వేళ దాటాక ముగిసే ఆ ఆటలే మన ఊళ్ళో కూర్చుని చూడటానికి అన్నిటికంటే అనువైనవి. ఏ ఆట ఎక్కడ ప్రసారమవుతుందో విశ్వవిద్యాలయపు క్రీడా విభాగం వెబ్‌సైటులో వారం ముందే ఉంటుంది. మహమ్మారి ఏడాదిలో మాత్రం ఆట జరుగుతుందో లేదో శుక్రవారం రాత్రి మళ్ళీ చూసుకోవాలి.

మా మొదటి ఆట అక్టోబరు 24న, నెబ్రాస్కాతో జరిగింది. మరుసటి రోజే విజయదశమి. ఆ ఏడు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి ఆన్‌లైన్ టికెట్లు ఇచ్చి పరిమిత సంఖ్యలోనే భక్తులను పంపారు. ఏటా కిటకిటలాడే కొండ దారిలో దూరం దూరంగా నిలబడిన మనుషులను సాయంత్రం వార్తల్లో చూసి, రాత్రి 9.30కి లక్ష సీట్ల స్టేడియం ఖాళీగా ఉండటం చూశాను. మేము 52–17తో గెలిచాం. బ్యాండు మేళం లేని మైదానంలో ఆ గెలుపు ఎవరిదో పరాయివాళ్ళదిలా అనిపించింది.

టీవీ ముందు కూర్చున్నాక

స్కోరు కంటే ముందు, ఆరోజు ఆడనివారి జాబితా చదవండి. ఆటకు కొన్ని గంటల ముందు మా విశ్వవిద్యాలయం అందుబాటులో లేనివారి పేర్లు విడుదల చేసేది. కారణం రాసేవారు కాదు. మోకాలి గాయమో, వైరసో తెలియదు. తెలుసుకునే హక్కు మనకు లేదు కూడా. అయినా ఆ పేర్లను ఒక్కొక్కటిగా చదివితే, జట్టు అంటే తెర మీద కదిలే రంగుల చొక్కాలు కాదనీ, ఎక్కడో ఒక గదిలో ఒంటరిగా కూర్చుని ఇదే ఆటను టీవీలో చూస్తున్న కుర్రాళ్ళు కూడా ఆ జట్టేననీ తెలిసివస్తుంది. నాకు ఆ సీజన్‌లో అన్నిటికంటే మేలు చేసిన అలవాటు ఇదే.

రెండవది శబ్దం. ఖాళీ స్టేడియాల్లో ముందే రికార్డు చేసిన జనఘోషను వినిపించేవారు. దానివల్ల ఆట మామూలుగా ఉన్నట్టు అనిపిస్తుంది, అసలు ఇబ్బంది అక్కడే ఉంది. మీకు వీలైతే టీవీ శబ్దం తగ్గించి విశ్వవిద్యాలయపు రేడియో వ్యాఖ్యానం వినండి. ప్రసారం కొంచెం వెనుకాముందవుతుంది, అది భరించవచ్చు. బెంచీ దగ్గర నుంచి ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే కేకలు టీవీలోనే స్పష్టంగా వినిపించిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అటువంటప్పుడు మాత్రం శబ్దం పెంచండి. లక్షమంది అరుపుల కింద ఏళ్ళ తరబడి వినపడకుండా పోయిన ఆ గొంతులు మనకు దొరికింది ఆ ఒక్క ఏడాదే.

టీవీవారిని మొత్తంగా దుమ్మెత్తిపోయడం న్యాయం కాదు. వ్యాఖ్యాతలు చాలామంది ఇళ్ళ నుంచో స్టూడియోల నుంచో తెర చూస్తూ మాట్లాడారు. శనివారం ఉదయపు కాలేజ్ గేమ్‌డే కార్యక్రమంలో 1987 నుంచి ఉన్న లీ కోర్సో, 85 ఏళ్ళ వయసులో, ఒర్లాండోలోని తన ఇంటి నుంచే పాల్గొన్నారు. గెలిచే జట్టు చిహ్నపు బొమ్మ తలను ధరించి జోస్యం చెప్పే ఆయన ఆనవాయితీ 1996లో కొలంబస్‌లోనే మొదలైంది. ఆ పెద్దాయన ఇంటి దగ్గరే కూర్చుని ఆ తలను పెట్టుకున్నప్పుడు, పెద్దవారిని ఇంట్లో ఉంచి కాపాడుకోవడం ఎలాగో ఆ కార్యక్రమం మాటల్లో చెప్పకుండానే చూపించింది. అటువంటివి చూసినప్పుడు మెచ్చుకోవాలి.

మెచ్చుకోకూడనివి కూడా ఉన్నాయి. ఆట గడియారం ప్రకారం గంటసేపు జరిగే ఆట ప్రసారంలో సుమారు మూడున్నర గంటలు పడుతుంది. అందులో ప్రకటనలకు పోయే సమయం తక్కువేమీ కాదు. టీవీ తరఫు మనిషి సైగ చేసేదాకా ఆటగాళ్ళు మైదానంలో నిలబడి ఎదురుచూస్తారు. ఆ విరామాల్లో ఫోను తీసి, అమెరికాలో ఉన్న మీ పిల్లవాడికో స్నేహితుడికో ఎలా ఉన్నావని ఒక సందేశం పంపండి. ఆ సీజన్‌లో నాకు తెలిసిన ఐదారుగురు విద్యార్థుల యోగక్షేమాలు వారం వారం తెలిశాయంటే ప్రకటనల విరామాలే కారణం.

గుంపుగా చూడకండి. ఈ మాట విడిగా చెప్పనవసరం లేదనుకోవచ్చు. కాని నవంబరు 7 రాత్రి, మనకు ఎనిమిదో తేదీ ఉదయం, నోటర్ డామ్ జట్టు క్లెమ్సన్‌ను రెండు అదనపు విడతల తరువాత 47–40తో ఓడించినప్పుడు, స్టేడియంలోకి అనుమతించిన సుమారు 11 వేలమందిలో చాలామంది మైదానంలోకి పరుగెత్తారు. కొవిడ్ సోకి ట్రెవర్ లారెన్స్ ఆడలేకపోయిన ఆట అది. మాస్కులు ఉన్నాయి, దూరం లేదు. అంత గొప్ప ఆట చూసిన ఆనందం, ఆ గుంపును చూసిన భయం నాలో ఒకే నిమిషంలో కలిగాయి. ఆ మరుసటి వారం ఆటను మా ఇంట్లో చూడటానికి వస్తామన్న ఇద్దరు మిత్రులను రావద్దని అడగగలిగానంటే ఆ దృశ్యమే కారణం. ఆ ఆట కూడా ప్రత్యర్థి మేరీలాండ్ జట్టులో కేసులు రావడంతో రద్దయింది.

రద్దయిన ఆటలను కూడా ఆటలుగానే లెక్కించండి. మాకు మూడు పోయాయి. మేరీలాండ్‌తో, ఇలినాయ్‌తో, చివరకు మిషిగన్‌తో. ఒహాయో స్టేట్, మిషిగన్ 1918 నుంచి ఏ ఏడూ ఆడకుండా ఉండలేదు. డిసెంబరు 12న ఆ వరుస తెగింది. ఆ రాత్రి 10.30కి టీవీ పెట్టకుండా కూర్చుని, కొలంబస్‌లో నాతో చదివిన మిషిగన్ అభిమాని మిత్రుడితో గంటసేపు ఫోనులో మాట్లాడాను. ఆట లేని రోజున ఆ సమయాన్ని వేరే జట్టు ఆటతో నింపకుండా అలా ఖాళీగా ఉంచితే, ఏది పోయిందో మనసుకు తెలుస్తుంది.

మన ఐపీఎల్‌తో పోల్చి చూసుకోండి

ఇదంతా అమెరికావారి గొడవ అనిపిస్తే, 2021 ఏప్రిల్‌ను తలచుకోండి. ఆస్పత్రుల్లో మంచాలు, ఆక్సిజన్ దొరకని రోజుల్లో ఐపీఎల్ ప్రతి సాయంత్రం జరుగుతూనే ఉంది. కుటుంబానికి అండగా ఉండాలని రవిచంద్రన్ అశ్విన్ మధ్యలోనే తప్పుకున్నాడు. న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఆ పోటీల వార్తలు ప్రచురించడం ఆపేసింది. చివరకు ఆటగాళ్ళకే వైరస్ సోకాక మే 4న పోటీలను నిలిపివేశారు. అయినా ఆ సాయంత్రాల్లో క్వారంటైన్ గదిలో ఉన్న మా మేనమామకు ఆ ఆటే తోడుగా ఉండేది. ఆపాలని నేను, వద్దని ఆయన ఫోనులో వాదించుకున్నాం. ఇద్దరం సరైన మాటే అన్నామని ఇప్పుడు అనిపిస్తుంది. రోగి గది నుంచి చూసేవాడిని, సోఫాలో కూర్చుని చూసేవాడిని ఒకే త్రాసులో తూచకూడదు.

ఎప్పుడు కట్టేయాలి

గాయపడిన ఆటగాణ్ణి పదేపదే నెమ్మదిగా చూపించేటప్పుడు కట్టేయండి. 2021 జనవరి 1న క్లెమ్సన్‌తో ఆటలో జస్టిన్ ఫీల్డ్స్ పక్కటెముకల మీద తీవ్రమైన దెబ్బ తిని, ఒక్క ప్రయత్నం పక్కన కూర్చుని తిరిగి వచ్చాడు. మొత్తం ఆరు టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) పాస్‌లు విసిరి 49–28తో గెలిపించాడు. ఆ దెబ్బను ప్రసారంలో ఎన్నిసార్లు చూపించారో అన్నిసార్లూ చూడవలసిన అవసరం నాకు లేదని మూడోసారికి గాని తోచలేదు. ఆరోజే, మామూలుగా కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగే రోజ్ బౌల్ ఆటను, ఆటగాళ్ళ కుటుంబాలను సైతం అక్కడ అనుమతించనందున, టెక్సాస్‌కు తరలించి ఆడించారు. 1942 తరువాత అది పాసడీనా బయట జరగడం అదే మొదటిసారి. ఆటను ఆపడం కంటే రెండు రాష్ట్రాలు దాటించడం సులువైంది. ఆ ఆటను నేను చూడలేదు. చూసినవారిని తప్పుపట్టను.

జాతీయ విజేతను తేల్చే ఫైనల్ మనకు జనవరి 12, మంగళవారం ఉదయం వచ్చింది. భోగికి ముందురోజు. కొందరు ముఖ్యమైన ఆటగాళ్ళు లేకుండానే మేము దిగాం. అలబామా రిసీవర్ డెవోంటా స్మిత్ మొదటి సగంలోనే 12 పాస్‌లు అందుకుని మూడు టచ్‌డౌన్లు చేశాడు. మేము 24–52తో ఓడిపోయాం. అంత అందమైన ఆటను మనస్ఫూర్తిగా మెచ్చుకుని, అభినందనల కార్యక్రమం మొదలయ్యేలోగా టీవీ కట్టేసి, పిండివంటలకు బియ్యప్పిండి పట్టించుకురావడానికి మరకు వెళ్ళాను. ఆ మధ్యాహ్నం పిన్ని ఫోను చేసి వార్తలు పెట్టమంది. పుణె నుంచి వచ్చిన మొదటి టీకా పెట్టెలను గన్నవరం విమానాశ్రయంలో దించుతున్నారు. ఉదయం ఆట చూసిన అదే టీవీలో, ఇద్దరం ఫోను పెట్టేయకుండా, ఆ పెట్టెలు వాహనంలోకి ఎక్కేదాకా చూశాం.